గుస్సాడీ బొమ్మతో పాటు పర్ధాన్ పాటకూ చోటివ్వండి

సంపాదకులకు,

అయ్యా,

దీపావళి ముందు గోండుల నృత్య పండుగ దండారీ మొదలైనప్పుడూ, పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరిగినప్పుడూ మీ పత్రికతో సహా తెలుగు పత్రికలన్నీ ఆదిలాబాద్ ఆదివాసుల ఫొటోలను మొదటి పేజీలో రంగుల్లో ప్రచురిస్తున్నాయి. అందుకు సంతోషమే. ముప్పై నలభై ఏళ్ల కిందట ఈ పండుగలు జరిగినట్టే జిల్లా దాటిన వారికి తెలిసేది కాదు. అయితే ఆ ఫొటోల కింద ఏడాదికేడాది వస్తున్న రాత మాత్రం మారడం లేదు. గుస్సాడీ వేషధారుల నెమలి ఈకల టోపీలు, ఒంటినిండా బూడిద, భుజాన మేకతోలు, చూపరులను అలరించిన నృత్యం అన్న నాలుగు మాటలతో వార్త ముగుస్తోంది. పక్కన కూర్చుని కిక్రి అనే తీగవాద్యం వాయిస్తూ తెల్లవార్లూ పాడిన మనిషి ఎవరు, ఏ ఊరివాడు, ఏ కథ పాడాడు అన్నది ఏ వార్తలోనూ కనిపించదు. గోండుల సంస్కృతికి ప్రాణం ఆ పాటలో ఉందనీ, ఇప్పుడు వేగంగా తరిగిపోతున్నది కూడా అదేననీ చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

గోండులకు వంశ చరిత్రలు చెప్పేవారు పర్ధాన్లు, తోటీలు. ప్రతి గోండు వంశానికీ తరతరాలుగా అనుబంధంగా ఉండే పర్ధాన్ కుటుంబాలుంటాయి. ఆ కుటుంబాలకూ అదే వంశనామం ఉంటుంది. మెస్రం వారి పర్ధాన్లు మెస్రం వారే. ఏడాదికి రెండుసార్లు జరిగే వంశదేవత పెర్సాపేన్ పూజలో, పెళ్లిలో, చావు తరువాతి కర్మలో పర్ధాన్ లేనిదే పని సాగదు. వంశదేవతకు గుర్తులైన చామరాన్నీ ఇనుప బల్లెపు మొననూ బయటికి తీసి పూజించే బాధ్యత పూజారి అయిన కటోడాది కాగా, ఆ దేవత ఎక్కడి నుంచి వచ్చింది, ఆ వంశపు పెద్దలు ఏ కొండ దాటి, ఏ వాగు దాటి ఈ నేలకు చేరారు, ఏ వంశంతో పొత్తు కుదిరింది, ఏ వంశంతో అన్నదమ్ముల వరస అయింది అన్నదంతా పాడి వినిపించే బాధ్యత పర్ధాన్‌ది. గోండు సమాజం నాలుగన్నల, ఐదన్నల, ఆరన్నల, ఏడన్నల సగలుగా, అంటే వంశాల గుంపులుగా, విడిపోయి ఉందనీ, ఒకే సగలోని వారు ఒకరినొకరు పెళ్లాడరనీ మనం పుస్తకాల్లో చదువుతాం. గోండు పిల్లలు మాత్రం దాన్ని పాటలో వింటూ పెరిగారు. కాగితం మీద ఎక్కడా రాసిలేని ఆ నియమం ఇన్ని వందల ఏళ్లు చెదరకుండా నిలిచిందంటే అందుకు పర్ధాన్ గొంతే కారణం.

పర్ధాన్ల పాత్ర ఎంత లోతైనదో తెలియాలంటే గోండులు చెప్పుకునే మూలకథను గుర్తు చేసుకోవాలి. జంగుబాయి పెంచిన పిల్లలను శంభు మహాదేవుడు గుహలో పెట్టి పెద్ద బండరాయి అడ్డం వేస్తాడు. వారిని విడిపించే మార్గం కోసం గోండుల ధర్మగురువు పహండి కుపార్ లింగో పూనుకుంటాడు. అప్పుడు హీరాసుక అనే గాయకుడు గుహ ముందు నిలబడి కిక్రి వాయిస్తాడు. ఆ నాదం వినిపించడంతో లోపలి పిల్లలకు ఎక్కడలేని బలం వచ్చి రాయిని తోసేస్తారు. దొర్లివచ్చిన ఆ రాయి కింద పడి హీరాసుక ప్రాణం పోతుంది. మహారాష్ట్రలోని గోందియా జిల్లాలో ఉన్న కచార్‌గఢ్ గుహలకు మాఘ పౌర్ణమినాడు అనేక రాష్ట్రాల గోండులు చేరేది ఈ కథ జరిగిన చోటుగా నమ్మే. బయటికి వచ్చిన పిల్లలను సగలుగా పంచి, ధర్మం చెప్పినవాడు లింగో. ఒక జాతి తన పుట్టుకను చెప్పుకునేటప్పుడు రాజునో యోధుడినో కాక, తమ కోసం ప్రాణమిచ్చిన ఒక గాయకుడిని కథకు నడిమధ్యన నిలుపుకోవడం నాకు తెలిసినంతలో అరుదైన విషయం. ఆ గాయకుడి వారసులనే మన వార్తలు పేరైనా రాయకుండా వదిలేస్తున్నాయి.

నాగోబా జాతరనే తీసుకోండి. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లోని ఆ గుడి మెస్రం వంశీయుల ఇలవేల్పుది. మంచిర్యాల జిల్లా జన్నారం మండలంలోని హస్తినమడుగు దగ్గర గోదావరి నీళ్లు ముంచుకోవడానికి వారు కాలినడకన బయలుదేరి, ఊరూరా ఆగుతూ, ఆ నీటి ఝారీని నేల మీద పెట్టకుండా తెచ్చి, కేస్లాపూర్ మర్రిచెట్ల కింద విడిది చేస్తారు. పూజకు కావలసిన కుండలు సిరికొండ కుమ్మరులు చేసిస్తారు. కొత్తగా పెళ్లయిన కోడళ్లను వంశదేవతకు చూపించే భేటింగ్ జరిగేదాకా వారికి వంశంలో పూర్తి చోటు దొరికినట్టు కాదు. 2022లో ఆ వంశంవారు తామే చందాలు వేసుకుని నల్లరాతితో కొత్త గుడి కట్టుకున్నారు. ఇదంతా పత్రికల్లో వస్తోంది, కొంత వివరంగానే వస్తోంది. కానీ జాతరలో అధికారులు గోండుల గోడు వినే దర్బారుకు ఎవరు వచ్చారు, ఏ హామీ ఇచ్చారు అన్నదానికి దక్కిన చోటులో పదో వంతు కూడా మర్రిచెట్ల కింద రాత్రిపూట వినిపించే వంశగాథకు దక్కదు. 1940లలో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ పూనికతో ఆ దర్బారు మొదలయింది. కొమురం భీం జోడేఘాట్‌లో ప్రాణాలు కోల్పోయిన తరువాత, గోండుల కష్టాలు నేరుగా అధికారుల చెవిన పడాలని దాన్ని పెట్టారు. ఆ ఉద్దేశం గొప్పది, ఆ వార్త రావలసిందే. కానీ జాతర దర్బారు కోసం పుట్టలేదు.

దండారీ విషయంలో జరుగుతున్నది ఇంకా బాధాకరం. పౌర్ణమికి ఏత్మాసూర్ పేన్ అనే దేవుడికి పూజ చేసి మొదలుపెట్టి, దీపావళి తరువాత కొలబోడి అనే పూజతో ముగించే ఆ కొద్ది రోజులూ గుస్సాడీ వేషం కట్టినవారు నియమంలో ఉంటారు. స్నానం చేయరు. ఒంటికి నీరు తగలనివ్వరు. నెమలి ఈకలతో కట్టిన మల్ బూరను దేవుడి వస్తువుగానే చూస్తారు, దాన్ని ఎక్కడ పడితే అక్కడ పెట్టరు. ఒక ఊరి దండారీ మరో ఊరికి వెళ్తే ఆ ఊరు వారిని చుట్టాలుగా నిలుపుకుని, అన్నం పెట్టి, రాత్రంతా వారితో ఆడి పాడి పంపిస్తుంది. తరువాత ఆతిథ్యం పొందిన ఊరి వంతు వస్తుంది. పిల్లల పెళ్లి మాటలు నడిచేదీ, పాత తగవులు తీరేదీ ఈ రాకపోకల్లోనే. డోలు, పెప్రె, గుమేల, కాలికోమ్ ఒక్కొక్కటీ ఒక్కో ఘట్టానికి మోగుతాయి. తెలిసినవారు దూరం నుంచి ఆ వాద్యాన్ని విని ఇప్పుడు ఏం జరుగుతోందో చెప్పగలరు. ఇంత పద్ధతి ఉన్నదాన్ని ఎండాకాలంలో ఏదో ప్రారంభోత్సవానికి, అతిథుల కారు ఆగే చోట రెండు వరసల్లో నిలబెట్టి ఐదు నిమిషాలు ఆడించడం ఇప్పుడు మామూలైపోయింది. ఆడేవారికి భత్యం ఇస్తున్నామని నిర్వాహకులు చెప్పవచ్చు. ఇంకొకరి పూజను మనం స్వాగత తోరణంగా వాడుకుంటున్నామా అన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. గుస్సాడీని ఊరి పొలిమేర దాటించి దేశానికి చూపిన కనకరాజు గారు కూడా ఆ జాతి మనిషే, మర్లవాయి గ్రామస్థులే. 2021లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించినప్పుడు ఆ అడవి పల్లెలన్నీ తమకే వచ్చినంతగా పొంగిపోయాయి. తమ కళను ఎక్కడ, ఎంతవరకు చూపాలో నిర్ణయించుకునే హక్కు వారిదే, మనది కాదు. కాబట్టి వేదికల మీద గుస్సాడీ ఆడనే కూడదని నేను అనడం లేదు. అడిగి, ఒప్పించి, ఆ ఊరి పటేల్, కటోడాల మాటకు లోబడి, తగిన కాలంలో, వివరణతో ప్రదర్శించడం ఒకటి, ఉత్తర్వు పంపి రప్పించుకోవడం మరొకటి. రెండింటికీ ఎంత తేడా ఉందో కనకరాజు గారి వంటి వారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఆయన 2024 అక్టోబరులో కన్నుమూశారు. అంతకు నాలుగు నెలల ముందే, జూన్‌లో, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు పోయారు. కోయలలో డోలి వారిది గోండులలో పర్ధాన్ల వంటి పాత్ర. ఒక్కో గోత్రానికి సంబంధించిన బొమ్మలు కుట్టిన మూడు మూలల పడిగెను ఎత్తిపట్టి, డోలు వాయిస్తూ, ఆ బొమ్మల కథను గానం చేసే విద్య వారిది. రామచంద్రయ్య గారు సమ్మక్క సారలమ్మల కథను కోయ భాషలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. రెండేళ్లకోసారి మాఘ మాసంలో మేడారానికి లక్షల మంది వెళ్తున్నాం, చిలుకలగుట్ట నుంచి కుంకుమ భరిణ రూపంలో తల్లి వస్తుంటే పులకించిపోతున్నాం. మరి ఆ తల్లి కథను ఆమె సొంత జనం ఏ మాటల్లో చెప్పుకుంటారో విన్నవారు మనలో ఎందరు? సినిమా పాటల బాణీల్లో కట్టిన క్యాసెట్లూ, వీడియోలూ విని అదే కథ అనుకుంటున్నాం. డోలి వారు పాడే కథలో గట్లు, గుట్టలు, వాగులు, గోత్రాలు ఉంటాయి. కాకతీయుల వైపు నుంచి రాసుకున్న చరిత్రలో అవి ఉండవు.

ఈ గొంతులు ఎందుకు తగ్గిపోతున్నాయని అడిగితే చాలామంది టీవీనీ, సెల్‌ఫోన్‌నూ చూపిస్తారు. అవి కారణాలే కానీ పైపైని కారణాలు. పర్ధాన్ బతుకు అతను పాడే గోండు వంశపు పంట మీద ఆధారపడింది. కళ్లం నుంచి ధాన్యం, పెళ్లికి బట్టలు, కలిగిన ఇంట్లో ఆవో దూడో, చావింట్లో పోయినవారి బట్టలూ వస్తువులూ అతనికి రావలసిన వాటాగా వచ్చేవి. గోండుకు భూమి ఉన్నంతకాలం పర్ధాన్‌కు పాట ఉంది. ఆ భూమి షావుకార్ల చేతికీ, వలస వచ్చినవారి చేతికీ పోయిన కొద్దీ పాటకు ఆధారం పోయింది. ఆదివాసుల భూమి ఇతరుల చేతికి పోకుండా 1970లో వచ్చిన, జనం 1/70 అని పిలిచే చట్టం గట్టిగా అమలై ఉంటే, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పులకు అంతమంది నేలకొరిగే అవసరం వచ్చేది కాదు. ఇప్పుడు మిగిలిన భూమిలో ఎక్కువ పత్తి వేస్తున్నారు. పత్తి అప్పుతో మొదలై అప్పుతోనే ముగుస్తోంది. జొన్న పండిన కళ్లంలో పర్ధాన్‌కు రెండు కుంచాలు కొలిచిపెట్టిన రైతు, పత్తి అమ్మిన డబ్బును వడ్డీ కింద జమ కట్టి వట్టి చేతులతో ఇంటికి వస్తే అతనికి ఏమివ్వగలడు? సాంస్కృతిక శాఖ ఇచ్చే జ్ఞాపికలు ఈ లోటును పూడ్చలేవు. దండారీ బృందాలకు దీపావళి ముందు ప్రభుత్వం ఇస్తున్న ఆర్థిక సాయం మంచిదే. అయితే అది బృందానికి అందుతుంది, పండుగ ఖర్చులకు సరిపోతుంది. ఏడాది పొడవునా కథను గుర్తుపెట్టుకుని, ఒక కుర్రవాడిని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పే ముసలి పర్ధాన్‌కు అందులో ఏమీ రాదు.

మరో కారణం చెప్పడానికి కష్టంగా ఉంటుంది, కానీ చెప్పకపోతే ఈ ఉత్తరం అబద్ధమవుతుంది. పర్ధాన్ లేనిదే పూజ చేసుకోలేని గోండు సమాజమే పర్ధాన్‌ను తనకన్నా తక్కువవాడిగా చూసింది, బంతిలో వేరుగా కూర్చోబెట్టింది. చదువుకున్న పర్ధాన్ యువకుడు తన తాత లాగా ఇంటింటికీ వెళ్లి కిక్రి వాయించి వాటా అడగనంటే అతన్ని తప్పుపట్టే అర్హత ఎవరికీ లేదు. పాత కట్టుబాటును ఉన్నది ఉన్నట్టు నిలపాలని కోరడం పాటను కాపాడటం పేరుతో ఆ అవమానాన్నీ కాపాడటమే అవుతుంది. ఆ విద్యకు దానం రూపంలో కాక గౌరవ వేతనం రూపంలో ఆదాయం వచ్చేలా చేయడం ఒక్కటే నాకు కనిపిస్తున్న దారి. తోటీల సంగతి ఇంకా తొందరపెట్టే విషయం. వారు ప్రత్యేకంగా వెనుకబడిన ఆదివాసీ సమూహాల జాబితాలో ఉన్నారు, జనాభా చాలా తక్కువ. కిక్రి పాడే తోటి కుటుంబాలు వేళ్ల మీద లెక్కించే స్థితికి వస్తే ఆ తరువాత ఏ పథకమూ పనికిరాదు.

ఉట్నూరు ఏజెన్సీలోని ఆశ్రమ పాఠశాలల్లో ఉపాధ్యాయుడిగా పనిచేసినవాడిని కాబట్టి బడి గురించి కొంత అధికారంతోనే రాస్తున్నాను. ఇంట్లో గోండి, కొలామి తప్ప మరో మాట వినని పిల్ల ఒకటో తరగతిలో తెలుగు వాచకం ముందు కూర్చుంటుంది. ఈమధ్య ఆ వాచకం ఇంగ్లీషుదయింది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణంలో చెప్పింది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో గోండి, కోయ, కొలామి, సవర, కువి వంటి ఎనిమిది భాషల్లో బహుభాషా విద్యా కార్యక్రమం మొదలై, పిల్లల కోసం బొమ్మల వాచకాలు కూడా తయారయ్యాయి. వాటిని చేతికిచ్చినప్పుడు పిల్లల ముఖాల్లో కనిపించిన ధైర్యం నేను మరచిపోలేదు. ఆ కార్యక్రమం పెరగవలసింది పోయి పలచబడింది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గోండి మాతృభాషగా ఉన్నవారు దాదాపు 30 లక్షల మంది. అయినా సంతాలి, బోడో భాషలకు 2003 నాటి రాజ్యాంగ సవరణతో దక్కిన ఎనిమిదో షెడ్యూలు గోండికి ఇంకా దక్కలేదు. నార్నూరు మండలం గుంజాలలో ఊరి పెద్దలు తరాలుగా దాచుకున్న రాతప్రతుల వల్ల గోండికి సొంత లిపి ఉందని లోకానికి తెలిసింది. ఆచార్య జయధీర్ తిరుమలరావు గారి వంటి వారి కృషితో అది వెలుగులోకి వచ్చి, 2018లో యూనికోడ్‌లో కూడా చోటు సంపాదించింది. కంప్యూటరులోకి ఎక్కిన ఆ లిపి ఇంద్రవెల్లి, జైనూరు, సిర్పూర్ బడుల నల్లబల్లల మీదికి రావడానికి మాత్రం ఇంకా ఎదురుచూస్తోంది. వారానికి ఒక పూట ఆ ఊరి పర్ధాన్‌ను అతిథి ఉపాధ్యాయుడిగా పిలిచి, పూటకు ఇంత అని గౌరవ వేతనమిచ్చి, పిల్లల చేత కథ చెప్పించి రాయిస్తే భాష, లిపి, పాట మూడూ ఒకే గదిలో కలుస్తాయి. దీనికి కొత్త భవనాలు అక్కరలేదు, కొత్త నియామకాలు అక్కరలేదు.

రికార్డు చేయడం గురించి మాట్లాడేటప్పుడు తొందరపాటు పనికిరాదు. వేదిక మీద పది నిమిషాల ముక్కను చిత్రీకరించి పాటను భద్రపరిచామనుకోవడం పొరపాటు. రాత్రంతా సాగే గాథను మొదలు నుంచి చివరి వరకు, అసలు సందర్భంలో, వంతపాట వారితో సహా రికార్డు చేయాలి. గోండి పాఠాన్ని ఆ పాడినవారి ఎదుటనే రాసుకుని, అర్థం వారినే అడిగి తెలుసుకోవాలి. ఆదిలాబాద్ పర్ధాన్లు ఇళ్లలో మరాఠీ మాట్లాడతారు, కథ మాత్రం గోండిలో పాడతారు. పాత పాటల్లో నేటి గోండులకే తెలియని మాటలు ఉంటాయి. వాటిని విడమరచి చెప్పగలిగింది వారే. పెర్సాపేన్ పూజలో బయటివారు చూడకూడనివి, వినకూడనివి ఉన్నాయి. అక్కడ కెమెరా ఆగిపోవాలి, దాని గురించి బేరమాడకూడదు. రికార్డు చేసిన ప్రతి గాథకూ ఒక నకలు ఆ ఊరికీ ఆ వంశానికీ చేరాలి. హైదరాబాదులో తాళం వేసిన బీరువాకు మాత్రమే చేరితే పాట ఊరి నుంచి మరోసారి దూరమైనట్టే. ఆదిలాబాద్ ఆకాశవాణిలో ఇంతకాలం ప్రసారమైన గోండి పాటల్లో ఏవేవి భద్రంగా ఉన్నాయో ఒక జాబితా ప్రకటిస్తే ఆ పనికి మంచి పునాది దొరుకుతుంది.

ఇక మీ పత్రికకు నా విన్నపం. వచ్చే దండారీ రోజుల్లో మీరు ఫొటో వేసే ప్రతి ఊరి నుంచీ ఒక్క పాటను, కనీసం పది చరణాలను, గోండిలో తెలుగు లిపితో ప్రచురించి, పక్కనే దాని భావం ఇవ్వండి. పాడినవారి పేరు, ఊరు, వంశం వారి అనుమతితో కింద రాయండి. ఆ భావాన్ని హైదరాబాదులో కూర్చున్నవారి చేత కాక, గోండి తెలిసిన ఆ ప్రాంతపు ఉపాధ్యాయుల చేత, విద్యార్థుల చేత రాయించండి. వారిలో చక్కగా రాయగలవారు ఇప్పుడు చాలామంది ఉన్నారు, అడిగేవారే లేరు. ఆదివారం అనుబంధంలో నెలకొక పుట కేటాయిస్తే ఒక ఏడాదిలో గోండు, కోయ, కొలాం, సవర గాథలు కనీసం పన్నెండు తెలుగు పాఠకుల ముందుకు వస్తాయి. వ్యాసాలు రాసేవారికి మీరు ఇచ్చే పారితోషికాన్ని పాట ఇచ్చిన పర్ధాన్‌కూ, తోటికీ, డోలికీ కూడా వారి పేరు మీదనే పంపించే ఏర్పాటు చేయవలసిందిగా ప్రత్యేకంగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఉట్నూరు, ఆదిలాబాద్ జిల్లా